మెజారిటీ లేని ప్రభుత్వం 1991లో అంత పెద్ద మార్పులు ఎలా చేయగలిగింది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: 1991 ఆర్థిక సంస్కరణలు అంతర్జాతీయ ద్రవ్యనిధి ఒత్తిడి వల్ల వచ్చాయని మీ కోచింగ్ సెంటర్లో ఒక అధ్యాపకులు చెప్పారు, పి.వి. నరసింహారావు గారి దూరదృష్టి వల్ల వచ్చాయని మరొకరు చెప్పారు. లోక్‌సభలో సొంత మెజారిటీ లేని ప్రభుత్వం ఇంత పని ఎలా చేయగలిగిందో మీకు అంతుపట్టడం లేదు. తాకట్టు పెట్టిన బంగారం చివరికి ఏమైందో కూడా అడిగారు. నేను ఆ సంవత్సరాల్లో హైదరాబాదులో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు విదేశ మారకద్రవ్య విభాగంలో అధికారిగా ఉన్నాను. ఆ తర్వాత చాలాకాలం బ్యాంకు శిక్షణ కళాశాలలో కొత్తగా చేరిన అధికారులకు ఇదే విషయం బోధించాను. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు చెబుతాను. సంక్షోభం వల్ల మార్పు తప్పనిసరి అయింది. అయితే ఆ మార్పులో ఏది ముందు, ఏది వెనుక, ఏది అసలే జోలికి పోకూడనిది అన్నది మాత్రం పార్లమెంటులో ఓటు అవసరమా లేదా అన్న రాజకీయ లెక్కను బట్టి తేలింది. ఓటు అక్కర్లేని పనులు నెల రోజుల్లో జరిగిపోయాయి. కొత్త చట్టం కావలసిన పనులు కొన్ని ఏళ్లకు ఏళ్లు ఆగాయి, కొన్ని ఆ ప్రభుత్వ కాలంలో జరగనే లేదు. మీ ఇద్దరు అధ్యాపకులు చెప్పినదాంట్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఈ లెక్క పట్టుబడకపోతే 1991 కథ సగమే అర్థమవుతుంది.

సంక్షోభం ఒక్క రోజులో వచ్చింది కాదు. 1980ల్లో కేంద్ర ప్రభుత్వం రాబడికి మించి ఖర్చు చేస్తూ, ఆ లోటును అప్పులతో, అందులోనూ స్వల్పకాలిక విదేశీ అప్పులతో, ప్రవాస భారతీయుల డిపాజిట్లతో పూడ్చుకుంటూ వచ్చింది. దశాబ్దం ముగిసేసరికి కేంద్రం ద్రవ్యలోటు జాతీయోత్పత్తిలో 8 శాతం దాకా చేరింది. అంతలో 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధర పెరిగింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు తగ్గింది, లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను అక్కడి నుంచి తీసుకురావలసి వచ్చింది. వాళ్లలో కడప జిల్లా వాళ్లు, గోదావరి జిల్లాల వాళ్లు ఎందరో ఉన్నారు. ఆ రోజుల్లో మా కౌంటరు దగ్గరికి కువైట్ దినార్లు పట్టుకుని వచ్చినవాళ్లు నాకు ఇప్పటికీ గుర్తున్నారు. ఆ నోట్లను ఏ ధరకు మార్చాలో మాకు పైనుంచి ఏ ఆదేశమూ లేదు, పుచ్చుకోలేమని చెప్పి పంపడం తప్ప దారి లేకపోయింది. ఏళ్ల తరబడి ఎడారిలో కష్టపడి సంపాదించిన డబ్బు అది.

దీనికి రాజకీయ అస్థిరత తోడైంది. 1990 నవంబరులో వి.పి. సింగ్ ప్రభుత్వం పడిపోయింది. తర్వాత వచ్చిన చంద్రశేఖర్ ప్రభుత్వం 1991 ఫిబ్రవరిలో పూర్తి బడ్జెట్ కూడా పెట్టలేకపోయింది. మార్చి 6న ఆయన రాజీనామా చేశారు. బడ్జెట్ పెట్టలేని దేశానికి అప్పు ఇవ్వడానికి విదేశీ బ్యాంకులు వెనకాడాయి, రేటింగ్ సంస్థలు మన రేటింగును తగ్గించాయి, ప్రవాసులు డిపాజిట్లు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. జూన్ నాటికి విదేశ మారకద్రవ్యం సుమారు 110 కోట్ల డాలర్లకు దిగింది. అది రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే మొత్తం.

ఈ అంకెలు పుస్తకాల్లో దొరుకుతాయి. వ్యాపారి మీద వాటి బరువు ఎలా పడిందో పుస్తకాల్లో అంతగా దొరకదు కనుక ఆ సంగతి కొంచెం చెబుతాను. డాలర్లు ఖర్చు కాకుండా ఆపడానికి రిజర్వు బ్యాంకు దిగుమతుల మీద క్యాష్ మార్జిన్ విధించింది. అంటే దిగుమతిదారు కోసం బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్.సి. - సరుకు డబ్బు తాను చెల్లిస్తానని అమ్మేవాడికి బ్యాంకు ఇచ్చే హామీపత్రం) తెరవాలంటే, అతడు సరుకు విలువలో ఇంత శాతాన్ని ముందుగా నగదు రూపంలో బ్యాంకులో జమ చేయాలి. 1990 అక్టోబరులో ఇది 50 శాతం. 1991 మార్చిలో 133 శాతం దాటింది, ఏప్రిల్‌లో 200 శాతానికి చేరింది. యంత్ర పరికరాలకు మినహాయింపులు ఉండేవి, ముడిసరుకుకు మాత్రం ఈ దెబ్బ తగిలింది. పది లక్షల సరుకు తెప్పించుకోవడానికి ఇరవై లక్షలు బ్యాంకులో పెట్టి కూర్చోవాలన్నమాట. జీడిమెట్లలో బల్క్ డ్రగ్ (మందుల్లో వాడే అసలు మూల పదార్థం) తయారు చేసే ఒక చిన్న కంపెనీ యజమాని మా ఖాతాదారు. ఆయనకు ఆర్డర్లు ఉన్నాయి, పనివాళ్లు ఉన్నారు, రియాక్టర్లు ఉన్నాయి. బయటి నుంచి రావలసిన ఒకే ఒక్క ఇంటర్మీడియట్ (తయారీ మధ్య దశలో వాడే రసాయనం) లేదు. మార్జిన్ సొమ్ము సమకూర్చుకోలేక ఆరు వారాలు ఫ్యాక్టరీ ఆపుకున్నారు. అంత చేసి మేము ఎల్.సి. తెరిచిన చోట కూడా, భారతీయ బ్యాంకు మాట ఒక్కటే చాలదని, విదేశీ బ్యాంకు కూడా దాన్ని ధ్రువీకరిస్తేనే సరుకు పంపుతామని అవతలివాళ్లు పట్టుబట్టేవారు. నా ఉద్యోగ జీవితంలో అంత అవమానంగా అనిపించిన కాలం మరొకటి లేదు.

అయితే సంక్షోభం వచ్చినంత మాత్రాన సంస్కరణ వస్తుందా? రాదు. దీనికి మన దేశ చరిత్రలోనే ఉదాహరణ ఉంది, పరీక్షకు చదివేవాళ్లు దీన్ని తరచుగా వదిలేస్తారు. 1965 యుద్ధం తర్వాత, కరువు మధ్య, విదేశీ సహాయం ఇచ్చేవాళ్ల ఒత్తిడి మీద 1966 జూన్ 6న ఇందిరా గాంధీ ప్రభుత్వం రూపాయి విలువను తగ్గించింది. డాలరు 4 రూపాయల 76 పైసల నుంచి 7 రూపాయల 50 పైసలకు పెరిగింది. దానితోపాటు దిగుమతుల నియంత్రణలు కూడా కొంత సడలించారు. ఆశించినంత సహాయం రాలేదు, వర్షాలు మళ్లీ ముఖం చాటేశాయి, పాలక పక్షంలోనే నిరసన రేగింది, 1967 ఎన్నికల్లో కాంగ్రెసు చాలా రాష్ట్రాల్లో అధికారం పోగొట్టుకుంది. ఆ తర్వాత దేశం పూర్తిగా రెండోవైపు తిరిగింది. 1969లో 14 బ్యాంకుల జాతీయీకరణ, అదే సంవత్సరం గుత్తాధిపత్య నియంత్రణ చట్టం, 1973లో విదేశ మారకద్రవ్య నియంత్రణ చట్టం అనే ‘ఫెరా’ వచ్చాయి. ఒకే దేశం, ఒకే పార్టీ, దాదాపు ఒకే రకమైన సంక్షోభం, పూర్తిగా భిన్నమైన ఫలితం. ఆ తేడా రాజకీయ నిర్వహణలో ఉంది.

ఇక అసలు విషయానికి వద్దాం. పి.వి. 1991 ఎన్నికల్లో పోటీ కూడా చేయలేదు. జూన్ 21న ప్రధానిగా ప్రమాణం చేసేనాటికి ఆయన ఏ సభలోనూ సభ్యులు కారు. నవంబరులో నంద్యాల ఉపఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లారు; తెలుగువాడు ప్రధాని అయ్యారన్న కారణంతో ఎన్.టి. రామారావు గారు అక్కడ తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టలేదు. ప్రమాణ స్వీకారానికి ముందే కేబినెట్ కార్యదర్శి నరేశ్ చంద్ర ఆర్థిక పరిస్థితి మీద ఒక నోట్ ఆయన చేతికి అందించారు. ఆర్థిక మంత్రిగా పార్టీ నాయకులను కాక మన్మోహన్ సింగ్‌ను తీసుకున్నారు. పరిశ్రమల శాఖను మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు. ఈ చివరి మాటను గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఆ జులై నెలలో జరిగిన పనులను, ప్రతిదానికీ చట్టపరమైన ఆధారం ఏమిటో చూస్తూ చదవండి. జులై 1న, 3న రెండు విడతల్లో రూపాయి విలువను మొత్తం సుమారు 18 శాతం తగ్గించారు. డాలరు 21 రూపాయల నుంచి 26 రూపాయల దరిదాపులకు వచ్చింది. మారకపు రేటును మార్చడానికి పార్లమెంటు అనుమతి అక్కర్లేదు. మొదటి విడతకు వచ్చిన విమర్శ చూసి ప్రధాని రెండో విడతను ఆపమన్నారని, ఆర్థిక మంత్రి ఫోను చేసేసరికే పని అయిపోయిందని అప్పటి రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు సి. రంగరాజన్ తర్వాతి కాలంలో చెప్పారు. (రంగరాజన్ గారు ఆ తర్వాత మన రాష్ట్ర గవర్నరుగా పనిచేసినవారే.) జులై 4న ఎగుమతుల నగదు సబ్సిడీ రద్దు చేసి, దాని స్థానంలో ఎగుమతిదారుకు దిగుమతి హక్కునిచ్చే ఎక్సిమ్ స్క్రిప్పులు తెచ్చారు. వాణిజ్య మంత్రి పి. చిదంబరం, ఆ శాఖ కార్యదర్శి మాంటెక్ సింగ్ అహ్లూవాలియా. ఇదీ ప్రభుత్వ ఉత్తర్వుతో అయ్యే పనే.

జులై 24 అన్నిటికంటే ముఖ్యమైన రోజు. అందరికీ గుర్తున్నది ఆ రోజు మన్మోహన్ సింగ్ ప్రవేశపెట్టిన బడ్జెట్. కానీ దానికి కొన్ని గంటల ముందు పి.వి. తన దగ్గరే ఉంచుకున్న పరిశ్రమల శాఖలో సహాయ మంత్రి అయిన పి.జె. కురియన్ సభ బల్ల మీద ఒక ప్రకటన పెట్టారు. 18 పరిశ్రమలు మినహా మిగిలినవాటికి పారిశ్రామిక లైసెన్సు అవసరం లేదు. 34 పరిశ్రమల్లో 51 శాతం వరకు విదేశీ పెట్టుబడికి ఆటోమేటిక్ అనుమతి. ప్రభుత్వ రంగానికే పరిమితమైన పరిశ్రమలు 17 నుంచి 8కి తగ్గింపు. నలభై ఏళ్ల లైసెన్సు వ్యవస్థను తొలగించిన పత్రం ఇదే. అందరి దృష్టీ బడ్జెట్ మీద ఉండడంతో దీని మీద ఆ రోజు పెద్దగా గొడవ జరగలేదు.

ఇక్కడ గమనించవలసినది: లైసెన్సులకు మూలమైన 1951 నాటి పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టాన్ని వాళ్లు రద్దు చేయలేదు. రద్దు చేయాలంటే బిల్లు కావాలి, బిల్లుకు ఓట్లు కావాలి. ఆ చట్టంలోనే 29బి అనే సెక్షను ఉంది. ఏ పరిశ్రమనైనా చట్టం నిబంధనల నుంచి మినహాయించే అధికారాన్ని అది ప్రభుత్వానికి ఇస్తుంది. ఆ సెక్షను కింద మర్నాడు ఒక నోటిఫికేషన్ ఇచ్చి, మినహాయింపుల జాబితాలో దాదాపు అన్ని పరిశ్రమలనూ చేర్చేశారు. చట్టం పుస్తకంలో అలాగే ఉంది, దాని కోరలు మాత్రం పోయాయి. దిగుమతి సుంకాల్లోనూ ఇదే సౌలభ్యం కొంత ఉంది. సుంకం తగ్గించే అధికారం కస్టమ్స్ చట్టం 25వ సెక్షను కింద ప్రభుత్వానికే ఉంటుంది. గరిష్ఠ సుంకం 1991లో 150 శాతానికి, 1992లో 110కి, 1993లో 85కి, 1994లో 65కి, 1995లో 50కి దిగింది. శిక్షణ తరగతుల్లో నేను ఈ 29బి సంగతి చెప్పినప్పుడు, సివిల్స్ దాకా చదివి వచ్చిన పిల్లలు కూడా మొదటిసారి వింటున్నామనేవారు.

దీనికి ఎదురుగా జరగని పనులను పెట్టి చూడండి. 100 మంది లేదా అంతకంటే ఎక్కువ పనివాళ్లున్న ఫ్యాక్టరీ మూసివేతకు ప్రభుత్వ అనుమతి కావాలనే పారిశ్రామిక వివాదాల చట్టం నిబంధన జోలికి వాళ్లు పోలేదు. బీమా రంగం మీద మల్హోత్రా సంఘం 1994లో నివేదిక ఇచ్చినా, ప్రైవేటు కంపెనీలను అనుమతించే చట్టం 1999లో గానీ రాలేదు. ఫెరాను 1993లో సవరించారు, దాని స్థానంలో ఫెమా (విదేశ మారకద్రవ్య నిర్వహణ) చట్టం 1999లో వచ్చింది. కొన్ని చట్టాలు వచ్చిన మాట నిజమే. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీకి 1992లో చట్టబద్ధత కలిగింది, కానీ అక్కడా ముందు ఆర్డినెన్సు, తర్వాతే బిల్లు. గుత్తాధిపత్య చట్టంలో పెద్ద కంపెనీల ఆస్తి పరిమితిని తొలగించిందీ ఆర్డినెన్సుతోనే.

మరి బడ్జెట్‌కైనా ఓట్లు కావాలి కదా అని మీరు అడగవచ్చు. కావాలి. అప్పటి ప్రతిపక్షంలో ఒకవైపు భారతీయ జనతా పార్టీ, మరోవైపు వామపక్షాలు, జనతాదళ్ ఉన్నాయి. వాళ్లు ఒకే వైపు ఓటు వేయడం సులభం కాదు. పైగా అప్పుడే ఎన్నికలు ముగించుకుని వచ్చిన ఏ సభ్యుడూ మళ్లీ ఎన్నికలు కోరుకోలేదు. జులైలో జరిగిన విశ్వాస తీర్మానంలో ప్రతిపక్షంలో ఒక భాగం ఓటింగులో పాల్గొనకపోవడం వల్లే ప్రభుత్వం గట్టెక్కింది.

బయటివాళ్ల కంటే సొంత పార్టీవాళ్లను ఒప్పించడమే కష్టమైంది. పారిశ్రామిక విధానం ముసాయిదా మంత్రివర్గానికి వెళ్లినప్పుడు నెహ్రూ బాటను వదిలేస్తున్నారని అభ్యంతరాలు వచ్చాయి. అప్పుడు పత్రంలోని విధానాన్ని మార్చకుండా, దాని ముందు నెహ్రూ, ఇందిర, రాజీవ్‌ల కృషిని కొనియాడే పీఠికను చేర్చారు. అదే పత్రం ఆమోదం పొందింది. 1992 ఏప్రిల్‌లో తిరుపతిలో జరిగిన కాంగ్రెసు మహాసభలో కూడా పి.వి. ఇదే దారిలో మాట్లాడారు. ఇది పాత బాటకు కొనసాగింపే అన్నారు, మధ్యేమార్గం అన్నారు. దీన్ని కొందరు దాపరికం అంటారు. నేను అలా అనుకోను. ఆయన 1971 నుంచి 1973 వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా భూసంస్కరణలను బాహాటంగా, వేగంగా చేపట్టారు. భూస్వామ్య వర్గాల ఆగ్రహం, ముల్కీ వివాదం, జై ఆంధ్ర ఉద్యమం కలిసి ఆ పదవిని పోగొట్టాయి. చేయదలచిన పనిని చాటింపు వేయకుండా చేయాలన్న జాగ్రత్త ఆ దెబ్బ నుంచే వచ్చిందని నా అభిప్రాయం.

వెనక్కి తగ్గవలసి వచ్చిన చోటు కూడా ఉంది, అది మన రైతులకు నేరుగా సంబంధించినది. ఆ బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచారు. కాంగ్రెసు ఎంపీలే తిరగబడ్డారు. రెండు వారాల్లోనే పెంపును 30 శాతానికి దించి, చిన్న, సన్నకారు రైతులకు మినహాయింపు ప్రకటించారు. 1992 ఆగస్టులో ఫాస్ఫేటు, పొటాష్ ఎరువుల మీద ధరల నియంత్రణ ఎత్తివేసి, యూరియాను మాత్రం నియంత్రణలోనే ఉంచి దాని ధర కొంచెం తగ్గించారు. డి.ఎ.పి., పొటాష్ ధరలు ఒక్కసారిగా పెరిగాయి, రైతు చవకైన యూరియా వైపు మళ్లాడు. నేలకు సమతుల్యంగా పోషకాలు అందని సమస్య అప్పటి నుంచి బాగా ముదిరింది. సంస్కరణను సగంలో ఆపితే ఎలాంటి నష్టం వస్తుందో చెప్పడానికి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే ఇస్తాను. వ్యవసాయం విషయంలో 1991 నాటి పెద్దలు తగినంత ఆలోచించలేదన్న విమర్శను నేను అంగీకరిస్తాను.

ద్రవ్యనిధి పాత్ర గురించి: 1991 జనవరిలో ఒకసారి, అక్టోబరులో మరోసారి అప్పు తీసుకున్నాం, షరతులు ఉన్నాయి, ద్రవ్యలోటు తగ్గింపు వాటిలో ప్రధానమైనది. కానీ లైసెన్సుల రద్దు, వాణిజ్య విధానం వంటివాటి ముసాయిదాలు మన అధికారుల బల్లల మీద అంతకుముందే ఉన్నాయి; 1990లో వి.పి. సింగ్ ప్రభుత్వ కాలంలోనే అహ్లూవాలియా ఇలాంటి పత్రం ఒకటి తయారు చేశారు. ఒత్తిడే అసలు కారణమైతే, ఒత్తిడి తగ్గగానే పని ఆగిపోవాలి. 1993లో భారత్ ద్రవ్యనిధి నుంచి దీర్ఘకాలిక రుణం తీసుకోకూడదని నిర్ణయించుకుంది. అయినా సుంకాల తగ్గింపు ఆగలేదు, మారకపు రేటు సంస్కరణా ఆగలేదు.

ఆ మారకపు రేటు సంస్కరణ నా కౌంటరు మీదుగానే నడిచింది. 1992 మార్చిలో రెండు రేట్ల పద్ధతి వచ్చింది. ఎగుమతిదారు తెచ్చిన ప్రతి 100 డాలర్లలో 40 డాలర్లకు అధికారిక రేటు, 60 డాలర్లకు మార్కెట్ రేటు. ఒకే బిల్లు మీద రెండు లెక్కలు వేసి, ఎగుమతిదారుకు నచ్చజెప్పడం మాకు రోజువారీ పని అయింది. గల్ఫ్ నుంచి ఇంటికి పంపే డబ్బుకూ ఇదే లెక్క. ఏడాది తర్వాత, 1993 మార్చిలో రెండు రేట్లూ కలిసి ఒకటే మార్కెట్ రేటు అయింది. 1994 ఆగస్టులో దేశం కరెంటు ఖాతా లావాదేవీలకు, అంటే సరుకులు, సేవలు, ఇంటికి పంపే డబ్బు వంటి చెల్లింపులకు, పూర్తి మార్పిడి స్వేచ్ఛ వచ్చింది. బయటి రేటుకూ బ్యాంకు రేటుకూ తేడా కరిగిపోవడంతో, అంతవరకు హవాలా మనుషుల ద్వారా డబ్బు పంపిన కుటుంబాలు మా బ్రాంచికి వచ్చి ఖాతాలు తెరవడం నేను స్వయంగా చూశాను. 1994 మార్చి నాటికి దేశం నిల్వలు 1,900 కోట్ల డాలర్లు దాటాయి. జీడిమెట్ల యజమాని గారు అప్పటికి ఎగుమతులు మొదలుపెట్టారు.

ఇదంతా ఉచితంగా జరిగిందనుకోకండి. 1991 ఆగస్టులో టోకు ధరల ద్రవ్యోల్బణం దాదాపు 17 శాతానికి చేరింది, ఆ ఆర్థిక సంవత్సరంలో వృద్ధి ఒకటిన్నర శాతం లోపే. 1992లో సెక్యూరిటీల కుంభకోణం బయటపడి బ్యాంకుల పర్యవేక్షణ ఎంత బలహీనంగా ఉందో చూపించింది. 1993 జులైలో అవిశ్వాస తీర్మానాన్ని ప్రభుత్వం 14 ఓట్ల తేడాతో గట్టెక్కింది. ఆ ఓట్లలో కొన్నింటికి లంచం ఇచ్చారన్న కేసులో పి.వి.కి 2000లో కింది కోర్టు శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఆయన అభిమానులు ఈ విషయం ఎత్తడానికి ఇష్టపడరు, కానీ మెజారిటీ లేని ప్రభుత్వం ఎలా నడిచిందని అడిగినప్పుడు దీన్ని దాటవేయడం న్యాయం కాదు. 1994 చివర్లో ఆయన సొంత రాష్ట్రంలో, రెండు రూపాయల కిలో బియ్యం, మద్యనిషేధం హామీలతో ఎన్.టి.ఆర్. గెలిచినప్పుడు, 294 స్థానాల్లో కాంగ్రెసుకు దక్కినవి 26. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఆ పార్టీ 140 దగ్గర ఆగిపోయింది.

కానీ తర్వాత వచ్చిన ప్రభుత్వాలు ఈ సంస్కరణలను వెనక్కి తిప్పలేదు. 1966కూ 1991కీ అసలైన తేడా ఇదే. వామపక్షాల మద్దతుతో నడిచిన యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వం సాక్షాత్తూ చిదంబరాన్నే ఆర్థిక మంత్రిని చేసుకుంది. బీమా చట్టం, ఫెమా చట్టం వాజపేయి ప్రభుత్వ కాలంలో వచ్చాయి. పరీక్షలో మీకు ఈ ప్రశ్న వస్తే, సంక్షోభమా, ఒత్తిడా, నాయకత్వమా అని ఒకదాన్ని ఎంచుకోకండి. 1966తో పోల్చండి, 29బి సెక్షనును ప్రస్తావించండి, జరగని పనుల జాబితా కూడా రాయండి.

చివరిగా బంగారం. రెండు విడతలను కలిపి చెప్పేవాళ్లు ఎక్కువ, అవి వేరువేరు. మొదటిది 1991 మేలో, చంద్రశేఖర్ ఆపద్ధర్మ ప్రభుత్వ కాలంలో జరిగింది. స్మగ్లర్ల నుంచి స్వాధీనం చేసుకున్న 20 టన్నుల బంగారాన్ని స్టేట్ బ్యాంకు ద్వారా, తిరిగి కొనుక్కునే ఏర్పాటుతో, ఒక స్విస్ బ్యాంకుకు అమ్మి సుమారు 20 కోట్ల డాలర్లు తెచ్చారు. రెండోది జులైలో, పి.వి. ప్రభుత్వం వచ్చాక: రిజర్వు బ్యాంకు తన నిల్వల్లోంచి సుమారు 47 టన్నులను విమానాల్లో లండన్ పంపించి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల నుంచి 40 కోట్ల డాలర్ల అప్పు తీసుకుంది. ఆ అప్పు కొద్ది నెలల్లోనే తీరిపోయింది. 2009లో ద్రవ్యనిధి తన బంగారంలో కొంత అమ్మకానికి పెట్టినప్పుడు, అందులో 200 టన్నులను 670 కోట్ల డాలర్లు చెల్లించి కొన్నది మన రిజర్వు బ్యాంకే.